సేంద్రియ కార్బొనేటు సాగు

జిల్లా కేంద్రంలోని రైతుబజారులో ఒక వ్యాపారి మామూలు టమాటాలను సేంద్రియ టమాటాలని చెప్పి అమ్ముతూ దొరికిపోయాడు. ఆయన చేసింది అంతే. దాని మీద ప్రభుత్వం చేసిన చట్టం మాత్రం అంతటితో ఆగలేదు. ఏ పదార్థము పేరునందైనను, ఏ భాషయందైనను, సేంద్రియము లేక ఆర్గానిక్ అను మాట వాడబడినచో అట్టి పదార్థము రసాయనముల ప్రమేయము లేకుండా ఉత్పత్తి అయినదని ధ్రువీకరణ పొందవలెను అని అందులో రాశారు. రాసినవాళ్ళ మనసులో ఉన్నది టమాటాలే. కాని చట్టంలో టమాటా అన్న మాట ఎక్కడా రాయకపోవడం వల్ల అది లోకంలో ఉన్న సమస్త వస్తువులకూ సరిపోయేలా తయారైంది.

చట్టంతోపాటు లక్ష్యాలు కూడా వచ్చాయి. ఏ జిల్లా ఎన్ని టన్నుల సేంద్రియ దిగుబడి చూపించాలో రాజధానిలో నిర్ణయించి పంపారు. మా జిల్లా ధ్రువీకరణాధికారి శేషఫణి గారు ఊరూరా తిరిగారు. రైతులు ఆయనకు మజ్జిగ ఇచ్చారు, కుర్చీ వేశారు, దిగుబడి మాత్రం ఇవ్వలేకపోయారు. లక్ష్యంలో పదోవంతు కూడా పూర్తికాని సమయంలో ఆయన జీపు కొండ్రపూడి పారిశ్రామికవాడ మీదుగా పోతూ ఒక బోర్డు ముందు ఆగింది. ‘సులోచనా ఆర్గానిక్ కార్బొనేట్స్’ అని దాని మీద రాసి ఉంది.

ఆ ఫ్యాక్టరీ సులోచన గారిది. ఆవిడ రసాయన శాస్త్రం చదివి, పాతికేళ్ళు ఇతరుల ఫ్యాక్టరీల్లో పనిచేసి, చివరికి సొంతంగా పెట్టుకున్నది. అక్కడ తయారయ్యేది డైమిథైల్ కార్బొనేట్ అనే ద్రావకం. చూడ్డానికి నీళ్ళలా ఉంటుంది, కాస్త తియ్యటి వాసన వేస్తుంది, నిప్పు తగిలితే భగ్గుమంటుంది. పూర్వం దీన్ని ప్రాణాలు తీసే విషవాయువుతో చేసేవారు. సులోచన గారి పద్ధతి అంత ప్రమాదం లేనిది. యూరియాను ప్రొపిలీన్ గ్లైకాల్‌తో కలిపి కాస్తే అమ్మోనియా పైకి పోయి ప్రొపిలీన్ కార్బొనేట్ మిగులుతుంది. దానికి మిథనాల్ కలిపితే కావలసిన సరుకు వస్తుంది, గ్లైకాల్ మళ్ళీ చేతికొస్తుంది. దాన్నే తర్వాతి విడతకు వాడుకోవచ్చు. ఇంత పొదుపైన వంట తన ఇంట్లో కూడా జరగదని ఆవిడ అనేది.

రాష్ట్ర సరిహద్దు అవతల కొత్తగా పెట్టిన ఒక బ్యాటరీ కంపెనీ ఈ ద్రావకాన్ని కొంటానంది. బ్యాటరీలో పోసే ద్రావకంలో తేమ ఉండకూడదు. నీటి ఛాయ తగిలినా లోపల ఉండే లిథియం ఉప్పు విరిగి ఆమ్లం పుట్టి బ్యాటరీని తినేస్తుంది. అంత పొడిగా సరుకు తియ్యడానికి సులోచన గారు, ఫోర్‌మన్ మస్తానయ్య ఏళ్ళ తరబడి తంటాలు పడ్డారు. పోయిన వేసవిలో కంపెనీవాళ్ళు నమూనా పరీక్షించి బాగుందన్నారు. మొదటి లారీ దీపావళి లోపల చేరాలి, చేరకపోతే వేరే వాళ్ళ దగ్గర తీసుకుంటాం అన్నారు. పని లేక ఇంటికి పంపిన మనుషులందర్నీ సులోచన గారు తిరిగి పిలిపించింది. వాళ్ళు పక్క ఫ్యాక్టరీల్లో దొరికిన పనులు వదులుకుని వచ్చారు.

శేషఫణి గారు లోపలికి వచ్చి కూర్చోకుండానే గోదాము చూపించమన్నారు. గోదాములో పైకప్పు దాకా యూరియా బస్తాలున్నాయి. ఆయన చాలాసేపు వాటిని చూశారు.

‘‘ఆర్గానిక్ అని బోర్డు పెట్టుకుని యూరియా వాడుచున్నారు’’ అన్నారు.

ఇక్కడ ఆర్గానిక్ అంటే కర్బనంతో కూడినదని అర్థమనీ, పాత పాఠ్యపుస్తకాల్లో దీన్నే సేంద్రియ రసాయనం అనేవారనీ, పొలానికీ దీనికీ సంబంధం లేదనీ సులోచన గారు నిదానంగా చెప్పింది. ఒక మాటకు రెండు అర్థాలుండటం ప్రజల సౌకర్యార్థమేననీ, శాఖ మాత్రం ఒక అర్థాన్నే గుర్తించిందనీ ఆయన అన్నారు. ఆ లెక్కన యూరియా కూడా ఆర్గానిక్ పదార్థమేనండీ అన్నది ఆవిడ.

‘‘ఆ మాట రాతపూర్వకంగా ఇవ్వకండి మేడమ్. ఇచ్చినచో మిమ్మల్ని అరెస్టు చేయించుట నా విధి అవుతుంది.’’

పోనీ బోర్డు మీద ఆ మాట చెరిపేస్తానంది. చెరిపితే తప్పు ఒప్పుకున్నట్టు అవుతుందన్నారు ఆయన. పైగా అగ్నిమాపక శాఖ ఇచ్చిన అనుమతిలో, కాలుష్య మండలి ఇచ్చిన అనుమతిలో, లారీ మీద అంటించే హెచ్చరిక కాగితంలో కూడా ‘ఆర్గానిక్ ద్రావకం’ అనే ఉంది. బోర్డు ఒక్కటీ మారిస్తే మిగతా అనుమతులన్నీ వేరెవరికో ఇచ్చినట్టు అవుతుంది. కాబట్టి ధ్రువీకరణ పొందేదాకా సరుకు కదలరాదని చెప్పి, నిండిన డ్రములున్న షెడ్డు తలుపుకు సీలు వేయించి వెళ్ళిపోయారు.

మస్తానయ్య సీలు లక్క వంక చూస్తూ నిలబడ్డాడు. ‘‘మనం చేసేదే రసాయనం గదమ్మా. రసాయనం లేకుండా రసాయనం చెయ్యాలంటే ఎట్ట?’’ అన్నాడు.

సరిగ్గా ఈ ప్రశ్నే సులోచన గారు మర్నాడు జిల్లా కార్యాలయంలో అడిగింది. అక్కడ శేషఫణి గారు నలుగురు నిపుణులతో ఉపసంఘం కూర్చోబెట్టారు. వారు చాలాసేపు చర్చించి, తయారైనది రసాయనమైనా ఫరవాలేదు గాని తయారీలో రసాయనం ఉండరాదని తేల్చారు. చట్టంలో ఉత్పత్తి విధానాన్ని గురించే చెప్పారు తప్ప ఉత్పత్తి అయిన వస్తువును గురించి చెప్పలేదట. ఇలాంటి కొత్త సాగుదారుకు వెంటనే ధ్రువీకరణ కుదరదనీ, నేలలో పాత మందుల అవశేషాలు పోవడానికి మూడేళ్ళు మార్పిడి దశలో ఉండాలనీ చెప్పారు. అయితే మార్పిడి దశలో ఉన్నవారు, తనిఖీలో సంతృప్తి కలిగిస్తే, తాత్కాలిక పత్రం మీద సరుకు పంపుకోవచ్చు.

ఇక్కడ ఆశ ఉందని సులోచన గారికి తోచింది. సంతృప్తి కలిగించడానికి ఏం చెయ్యాలని అడిగింది. పొలం చుట్టూ కంచె పంట ఉండాలి. వానపాముల ఎరువు తొట్టి ఉండాలి. ఆవు ఉండాలి. పురుగులను పట్టే పసుపు రంగు జిగురు అట్టలు ఎకరానికి ఇన్నని కట్టాలి. యూరియా స్థానంలో జీవామృతం వాడాలి.

ఫ్యాక్టరీకి తిరిగొచ్చి ఆవిడ ఈ సంగతి చెబితే మనుషులెవరూ నవ్వలేదు. దీపావళికి ఇంకా వ్యవధి ఉంది. అందరూ ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళే కాబట్టి ఈ పనులన్నీ వాళ్ళకు వచ్చు. ఇంకా చెప్పాలంటే, కార్బొనేటు కన్నా బాగా వచ్చు. ప్రహరీ లోపల సజ్జ చల్లారు. మిథనాల్ ట్యాంకు చుట్టూ బంతి మొక్కలు నాటారు. బట్టీ పట్టే స్తంభం, అంటే నాలుగంతస్తుల ఎత్తున ద్రావకాన్ని మరగబెట్టి వేరు చేసే ఉక్కు గొట్టం, దానికి నిలువునా జిగురు అట్టలు కట్టారు. మస్తానయ్య తన బావమరిది ఇంటి నుంచి ఒక ఆవును తోలుకొచ్చాడు. దాని పేరు చామంతి.

చామంతి వచ్చిన వారంలోపే కర్మాగారాల భద్రతాధికారి తనిఖీకి వచ్చాడు. ఈయన వేరే శాఖ, వేరే చట్టం. మండే ద్రావకం ఉన్న ఆవరణలో ఉండే ప్రతి వస్తువూ నిప్పురవ్వ పుట్టించని రకమని పరీక్షాపత్రం ఉండాలి. పంపుకు ఉంది, దీపానికి ఉంది, ఆఖరికి నేల ఊడ్చే చీపురుకు కూడా ఉంది. ఆవుకు లేదు. ఆవు ఒళ్ళు గోడకు రాచుకుంటే స్థిర విద్యుత్తు పుట్టే అవకాశమున్నదనీ, దాన్ని తక్షణం బయటికి పంపాలనీ ఆయన రాశాడు. పంపితే తాత్కాలిక పత్రం రాదని శేషఫణి గారు రాశారు. రెండు కాగితాలూ ఒకేరోజు చేరాయి.

సులోచన గారు ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది. మిథనాల్ దించేటప్పుడు లారీకి ఏం చేస్తామో ఆవుకూ అదే చేద్దామన్నది. ఇద్దరూ కాసేపు ఆలోచించి, తమ తమ చట్టాల్లో దీనికి అభ్యంతరం కనబడటం లేదన్నారు. ఆ సాయంత్రమే చామంతి కాలికి రాగి కడియం వేసి, దానికి తీగ కట్టి, తీగ రెండో కొసను భూమిలో పాతిన రేకుకు కలిపారు. ఎలక్ట్రీషియన్ వారం వారం మీటరు పెట్టి ఆవు ఎర్తింగ్ చూసి, సుద్దముక్కతో గోడ మీద రాసేవాడు. మెడలో ఇనుప గంట తీసేసి చెక్క గంట కట్టారు. చామంతి తీగ అందినంత మేర తిరిగి, బంతి మొక్కలు తిన్నది. తర్వాత సజ్జ కూడా తిన్నది. శేషఫణి గారు దాన్ని పశువుల వల్ల పంటనష్టం కింద నమోదు చేసుకున్నారు.

చిక్కంతా జీవామృతం దగ్గర వచ్చింది. పేడ, మూత్రం, బెల్లం, సెనగపిండి, పుట్టమన్ను నీళ్ళలో కలిపి పులియబెడితే జీవామృతం అవుతుంది. పొలంలో దాని సంగతి ఎలా ఉన్నా రియాక్టర్‌లో అది పోస్తే సరుకు పనికిరాదు. ఉపసంఘం వినలేదు. సులోచన గారు ప్రయోగశాలలో వాళ్ళ ఎదుటే ఒక గాజుకుప్పెలో యూరియా బదులు జీవామృతం పోసి గ్లైకాల్‌తో కాచి చూపించింది. గది నిండా వాసన వచ్చింది. ఇద్దరు సభ్యులు కిటికీ దగ్గరికి పోయారు. కుప్పె అడుగున గోధుమరంగు మడ్డి పట్టింది. ఉపసంఘం ‘రంగులో మార్పు గమనించబడినది, ఫలితములు ఆశాజనకము’ అని రాసుకుని, ప్రతి విడతకూ ఒక బిందెడు చొప్పున పొయ్యమన్నది.

సులోచన గారు ఆ మాటకు మాత్రం ఒప్పుకోలేదు. ఆవును పెట్టమంటే పెట్టాను, పంట వెయ్యమంటే వేశాను, సరుకులో మాత్రం చుక్క నీరు పడనివ్వనని చెప్పింది. గొంతు పెంచలేదు గాని, అంత గట్టిగా ఆవిడ మాట్లాడటం మస్తానయ్య అంతకుముందు వినలేదు. శేషఫణి గారే మధ్యలోకి వచ్చారు. ఎరువును మొక్క మొదట్లో వెయ్యడమే కాక ఆకుల మీద పిచికారీ చేసే పద్ధతి కూడా శాస్త్రసమ్మతమేనని ఉపసంఘానికి గుర్తుచేశారు. రియాక్టర్‌కు ఆకులు లేవు కాబట్టి పైతొడుగును ఆకుగా పరిగణించవచ్చునన్నారు. సభ్యులు కిటికీ దగ్గర్నించే ఆమోదించారు. అప్పటినుంచి వారానికోసారి ఒకతను వీపున డబ్బా కట్టుకుని రియాక్టర్ల ఒంటి మీద జీవామృతం పిచికారీ చేసేవాడు. లోపల యూరియా యథాప్రకారం ఉడికేది. అతని వెనకే మరొకతను గుడ్డతో తుడిచేవాడు.

ఆ తర్వాత జరిగినది ఎవరూ అనుకోనిది. శేషఫణి గారు జిగురు అట్టలు పరీక్షిస్తే ఒక్కదాని మీదా పురుగు లేదు. పదిహేను రోజుల తర్వాత చూసినా లేదు. ద్రావకం మరిగే స్తంభం దగ్గర ఈగ కూడా వాలదు మరి. చీడపీడలు శూన్యం అని రాసి పంపారు. ఎకరా దిగుబడి అన్నచోట, మూడెకరాల ఆవరణలో తయారైన టన్నులను మూడుతో భాగించి రాశారు. ఆ అంకె రాజధానిలో చూసినవాళ్ళు ముందు సున్నాలు ఎక్కువ పడ్డాయనుకున్నారు. ఫోన్ చేసి కనుక్కున్నారు. సున్నాలు సరిగ్గానే ఉన్నాయి. వరిగాని, చెరకుగాని, ఏ పంటగాని రాష్ట్రంలో ఎన్నడూ అంత దిగుబడి ఇవ్వలేదు. మా జిల్లా ఒక్కసారిగా మొదటిస్థానానికి వచ్చింది. కార్యాలయం గోడ మీద ‘సేంద్రియ సేద్యంలో రాష్ట్రానికే ప్రథమ జిల్లా’ అని నీలిరంగు ఎనామెల్‌తో పెద్ద అక్షరాల్లో రాయించారు.

ఆదర్శ క్షేత్రం అన్న తర్వాత రైతులు చూడాలి కదా. వాళ్ళను బస్సుల్లో తీసుకురావడం మొదలుపెట్టారు. సులోచన గారు ప్రతి బస్సుకూ ఎదురెళ్ళి, అందరి దగ్గరా అగ్గిపెట్టెలు, సెల్‌ఫోన్లు తీసుకుని, తలకు టోపీలు పెట్టి తిప్పింది. రైతులు స్తంభం కింద నిలబడి పైకి చూసి వెళ్ళిపోయేవారు. ఒకరోజు వెంగమ్మ అనే ఆవిడ మాత్రం వెనక ఉండిపోయింది. ఆ ఏడు ఆవిడ మినుము పంటను ఆకులు పసుపెక్కే పల్లాకు తెగులు తినేసింది.

‘‘పురుగు పడని పంటంట గదమ్మా. ఒక గుప్పెడు ఇత్తనం ఇస్తావా?’’ అని అడిగింది.

ఇది పంట కాదనీ, బ్యాటరీలో పోసే సరుకనీ, ఇనుప గొట్టానికి పురుగు పట్టదనీ సులోచన గారు చెప్పేసింది. వెంగమ్మ కోప్పడలేదు. టోపీ తీసి చేతికిస్తూ, ‘‘మరి పొద్దన్నే పని మానిపించి మమ్మల్నెందుకు తోలుకొచ్చినారు?’’ అన్నది. సరుకు కదలాలని, మనుషుల పని నిలబడాలని ఆడుతున్న నాటకంలో వెంగమ్మ మినుము చేనుకు చోటెక్కడుందో సులోచన గారికి అర్థం కాలేదు.

దీపావళి దగ్గర పడింది. తాత్కాలిక పత్రం మీద సంతకం ఒక్కటే మిగిలింది. ఆ సంతకం రాజధాని నుంచి కమిషనర్ గారు స్వయంగా వచ్చి, పంటకోత ఉత్సవంలో చేస్తారని కబురొచ్చింది. మర్నాడే లారీ బయల్దేరవచ్చు. షామియానా వేశారు. చామంతి కొమ్ములకు రంగు పూశారు. ఎర్తింగ్ మరోసారి చూశారు. కార్యక్రమ పత్రంలో ‘తొలి రుచి’ అని ఒక అంశం ఉంటే, అది బెల్లం పొంగలి గురించి కాబోలు అనుకుంది సులోచన గారు. పొంగలి వండించింది కూడా.

కమిషనర్ గారు ఉపన్యాసం చక్కగా చేశారు. రసాయనాల విషవలయం నుంచి మానవాళిని విముక్తం చేసే మహాయజ్ఞంలో ఈ క్షేత్రం ఒక సమిధ అన్నారు. తాను ఏ జిల్లాకు వెళ్ళినా అక్కడి సేంద్రియ ఉత్పత్తిని వేదిక మీదే రుచి చూసి ప్రజలకు భరోసా ఇవ్వడం తన సంప్రదాయమనీ, పోయిన నెల పచ్చి కాకరకాయ తిన్నాననీ చెప్పారు. జనం చప్పట్లు కొట్టారు. జిల్లా కార్యాలయం ఉద్యోగి ఒకరు పళ్ళెంలో వెండి గ్లాసు పట్టుకొచ్చారు. గ్లాసులో నీళ్ళలాంటిది ఉంది. ప్రదర్శన కోసమని ప్రయోగశాల నుంచి ముందురోజు జిల్లా కార్యాలయంవాళ్ళు ఒక సీసా తీసుకుపోయిన సంగతి సులోచన గారికి అప్పుడు గుర్తొచ్చింది.

కమిషనర్ గారు గ్లాసు ఎత్తి ఫోటోవాళ్ళ వైపు తిరిగారు.

అది విషమని చెబితే సేంద్రియం కాదని చెప్పినట్టే. సంతకం ఉండదు, సీలు తియ్యరు, లారీ కదలదు, పక్క ఫ్యాక్టరీల్లో పనులు మానుకుని వచ్చినవాళ్ళు మళ్ళీ ఇంటిదారి పట్టాలి. ఇదంతా ఆవిడకు తెలుసు. అయినా వేదిక మెట్లు ఎక్కింది. వెళ్ళి మైకు ముందు నిలబడి, గ్లాసు మీద చెయ్యి అడ్డం పెట్టింది.

‘‘తాగకండి సార్. ఒంట్లోకి పోతే ఇది మిథనాల్ అవుతుంది. కళ్ళు పోతాయి’’ అన్నది.

మైకు పనిచేస్తూనే ఉంది. షామియానా చివర కూర్చున్నవాళ్ళకు కూడా వినబడింది. కమిషనర్ గారు ముఖంలో చిరునవ్వు చెదరనివ్వకుండా, పెదవులు కదపకుండా, ఎంత తాగితే పోతాయని అడిగారు. గ్లాసు కింద పెట్టండి సార్ అన్నది ఆవిడ. ఆయన పెట్టారు. మూతి తుడుచుకున్నారు గూడా, అలవాటు కొద్దీ. తర్వాత పొంగలి తెప్పించుకుని తిని, ఫోటోలు దిగి, లోపలి గదిలోకి వెళ్ళి తలుపు వేయించారు.

ఆ గదిలో మాటలు చాలా కఠినంగా నడిచాయి. ప్రభుత్వాధికారిపై విషప్రయోగ యత్నం కింద కేసు పెట్టాలని ఉపసంఘం వారు అన్నారు. గ్లాసు పట్టుకొచ్చింది మన ఉద్యోగే కదా అని ఒకరు అనేసరికి ఆ ప్రతిపాదన వెనక్కి పోయింది. మోసం కింద పెట్టాలన్నారు. పెడితే రాష్ట్రానికే ప్రథమ జిల్లా అని ప్రకటించినవాళ్ళు కూడా కోర్టుకు రావలసి ఉంటుంది. గోడవారగా నిలబడి ఉన్న శేషఫణి గారు అప్పుడు ముందుకొచ్చి, ఒక చిన్న నోటు పెట్టడానికి అనుమతి అడిగారు.

అది తినదగినది కాదని ఈనాడు వేదికపై నిరూపితమైనది. తినదగనిది పంట కాజాలదు. పంట కానిదానికి ఈ శాఖ ధ్రువీకరణ అవసరం లేదు. అవసరం లేని ధ్రువీకరణ కొరకు వేసిన సీలు ఆదినుండీ లేనట్టే భావించవలెను. ఆయన చదివి వినిపించిన నోటు ఇంతే. కమిషనర్ గారు రెండుసార్లు చదివించుకుని సంతకం పెట్టారు. పెట్టి, జిల్లా దిగుబడి అంకెల సంగతేమిటని అడిగారు. అవి కూడా ఆదినుండీ లేనట్టే సార్ అన్నారు శేషఫణి గారు. కమిషనర్ గారి కారు వెళ్ళిపోయింది.

షెడ్డు తలుపు దగ్గర లక్కముద్ర పగలగొడుతుంటే సులోచన గారు పక్కనే నిలబడి ఉంది. మస్తానయ్య డ్రములు లెక్క చూసుకోవడానికి లోపలికి పోయాడు. శేషఫణి గారు మెడలో కండువా తీసి మడత పెట్టుకున్నారు. నెలల తరబడి ఆ మనిషితో మాట్లాడుతున్నా ఆయన సొంత యాస ఆవిడ మొదటిసారి వింటున్నది.

‘‘నేను బీయెస్సీ కెమిస్ట్రీనమ్మా. ఇక్కడే గవర్నమెంటు కాలేజీలో చదివా. మీ బోర్డు చూసినప్పుడే నాకు తెలుసు.’’

ఆవిడ ఆయన ముఖంలోకి చూసింది. తెలిసి ఇంత చేశారా అని అడిగింది. గొంతులో కోపం దాచుకోలేదు.

‘‘తెలుసని రాస్తే ఆ కాగితం పైనవాళ్ళకు పాఠం చెప్పినట్టు ఉంటాది. పాఠం చెప్పినోడి ఫైలు ముందుకు పోదు, ఆణ్ణే ఎక్కడికో పంపిస్తారు. నా తర్వాత వచ్చేవాడు మీ రియాక్టర్‌లో బిందెడు పోయించే రకం అయితే ఏం చేస్తారు? అందుకే ఆకుల మీద పిచికారీ అన్నా.’’

ఆవిడకు ఆయన్ని మెచ్చుకోవాలో, తిట్టాలో తెలియలేదు. వెంగమ్మ సంగతి చెప్పింది. బస్సులు పెట్టినప్పుడు కూడా మీకు తెలుసు కదా అన్నది. శేషఫణి గారు వెంగమ్మ ఊరు ఏదని అడిగి తెలుసుకున్నారు. ఆ మరుసటి వారం ఆయన జీపు వెంగమ్మ చేను దగ్గర ఆగిందనీ, తెగులు తట్టుకునే మినుము రకం గురించి పరిశోధనా కేంద్రం మనిషిని వెంటబెట్టుకుని పోయి చెప్పించారనీ తర్వాత తెలిసింది. దానికి లక్ష్యం ఏదీ లేదు కాబట్టి అది ఏ నివేదికలోనూ చేరలేదు.

లారీ పండగ లోపలే చేరింది. కంపెనీవాళ్ళు తేమ పరీక్షించి, ఇంకో లారీ పంపమన్నారు. మనుషులు సజ్జ మోళ్ళు పీకి ఆవరణ శుభ్రం చేశారు. చామంతిని మస్తానయ్య బావమరిది ఇంటికి తోలుకుపోయాడు.

ఒక సోమవారం శేషఫణి గారు ఫ్యాక్టరీకి మళ్ళీ వచ్చారు. ఈసారి జీపు లేదు, స్కూటర్ మీద వచ్చారు. కార్యాలయం గోడ మీద రాసిన అక్షరాలు వెంటనే తీసేయాలని రాజధాని నుంచి హెచ్చరిక వచ్చిందట. సున్నం కొడితే రెండ్రోజులకు నీలిరంగు పైకి తేలుతున్నది. గీకితే పెచ్చులూడి లోపల ఇటుకలు కనబడుతున్నాయి. మీ దగ్గర ఏమన్నా ఉందా అమ్మా అని ఆయన మొహమాటంగా అడిగారు.

సులోచన గారు ఆయనకు డైమిథైల్ కార్బొనేట్ ఇవ్వలేదు. అది ఇట్టే ఆవిరైపోతుంది, అంటుకుంటే ఆఫీసు తగలబడుతుంది. ఒక క్యానులో ప్రొపిలీన్ కార్బొనేట్ ఇచ్చింది. దీనికి వాసన దాదాపు ఉండదు, త్వరగా ఆరదు, అంత తేలిగ్గా మండదు. చేతికి తొడుగులు వేసుకోమని, గుడ్డతో అద్ది పూసి, ఓపిగ్గా ఉండి తుడవమని చెప్పింది. రంగును పట్టి ఉంచే జిగురులోకి నెమ్మదిగా దిగి, దాన్ని ఉబ్బించి, గోడ నుంచి విడదీయడం దాని గుణం.

ఆయన ఎవరికీ చెప్పకుండా తానే నిచ్చెన ఎక్కి పూశారు. కార్యాలయం సిబ్బంది కిందనుంచి చూస్తూ నిలబడ్డారు. మధ్యాహ్నం దాటేసరికి అక్షరాలు బొబ్బలెక్కినట్టు ఉబ్బాయి. గుడ్డ పెట్టి లాగితే ‘ప్రథమ’ తొక్కలా ఊడి వచ్చింది. తర్వాత ‘రాష్ట్రానికే’ వచ్చింది. గోడకు ఏ దెబ్బా తగల్లేదు.

సూపరింటెండెంటు గారు క్యాను వాసన చూసి, ఏమీ రాకపోయేసరికి అనుమానపడ్డారు. సేంద్రియ శాఖ ఆవరణలోకి బయటి నుంచి ఏ ద్రవం వచ్చినా అది ఏమిటో నమోదు చెయ్యడం నిబంధన. దీన్ని ఏమని రాయమంటారు సార్ అని ఆయన నిచ్చెన కింద నిలబడి అడిగారు.

శేషఫణి గారు గుడ్డ పిండుతూ ఒక్క క్షణం ఆలోచించారు.

‘‘నీళ్ళని రాయండి’’ అని చెప్పి, ‘సేంద్రియ’ దగ్గరికి జరిగారు.